ఆ 38 శాతం ఎవరి ఖాతాలో రాయాలి?

ప్రశ్న: నమస్కారం అండీ. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో మూడేళ్లుగా సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. ఆర్డర్లు తీసుకునే మా సర్వీసు సాయంత్రం రద్దీ వేళ 16 కోర్ల సర్వర్‌ను 90 శాతం దాకా వాడేస్తోంది. ఏ ఫంక్షన్ ఎంత సమయం తింటోందో కొలిచే పెర్ఫ్ అనే సాధనంతో లైనక్స్‌లో చూస్తే జాబితాలో అన్నిటికన్నా పైన మెమ్‌కాపీ (మెమరీలో ఒక చోటి డేటాను ఇంకో చోటికి కాపీ చేసే ఫంక్షన్) 38 శాతంతో కనిపిస్తోంది. దాన్ని ఎవరు పిలుస్తున్నారో తెలుసుకుందామని, పిలుపుల వరుసలను దిమ్మెలుగా పేర్చి చూపే ఫ్లేమ్ గ్రాఫ్ గీశాను. రెండు మూడు అంతస్తుల పొట్టి దిమ్మెలు, చాలా చోట్ల ‘అన్‌నోన్’ అనే మాట తప్ప ఏమీ లేదు. ఆ వరుసను పట్టుకునే ఇంకో దారి, డ్వార్ఫ్ పద్ధతి పెట్టి చూస్తే నిమిషం గడవకముందే డిస్కు నిండిపోయింది. ఆ వరుసకు ఆనవాళ్లు ఉంచే ఫ్రేమ్ పాయింటర్లతో కంపైల్ చేద్దామంటే సర్వీసు నెమ్మదిస్తుందని మా టీమ్ లీడ్ ఒప్పుకోవడం లేదు. ఇంకా వేగంగా కాపీ చేసే లైబ్రరీని తెచ్చి పెట్టమంటున్నారు. రెండు వారాల గడువు ఉంది. ఏమి చేయమంటారు?

— ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా ఒక్క మాట. ఆ లైబ్రరీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. లైనక్స్‌లోని ప్రామాణిక సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీలోని మెమ్‌కాపీ ఏళ్ల తరబడి నిపుణులు చెక్కిన కోడ్. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే మీ ప్రాసెసర్ ఏ రకమో చూసి, దానికి సరిపోయే రూపాన్ని అది ఎంచుకుంటుంది. దాన్ని మించినది తెచ్చినా ఆ 38 శాతంలో కొంత తగ్గుతుందేమో కాని, అంత కాపీ ఎందుకు జరుగుతోందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. ఇంటి ఖర్చు పెరిగిందని కిరాణా కొట్టు మారుస్తామా? సరుకులు ఎవరు, ఎందుకు అన్ని తెస్తున్నారో ముందు చూస్తాం. మీ ప్రొఫైల్, అంటే పెర్ఫ్ తీసిన కొలత, ఇప్పుడు కొట్టు పేరు ఒక్కటే చెబుతోంది.

నేనూ ఈ దారిలో నడిచినవాడినే. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో, అంకెలను అక్షరాలుగా మార్చే ఫంక్షన్ ప్రొఫైల్‌లో అందరికన్నా పైన కూర్చుంది. ముగ్గురం మూడు వారాలు కష్టపడి దాన్ని తిరగరాశాం. ఫంక్షన్ వేగం పెరిగింది కాని, సర్వీసులో పెద్ద తేడా రాలేదు. తర్వాత కాల్ స్టాక్‌ను, అంటే ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో చెప్పే వరుసను, తెగకుండా పట్టుకోగలిగాక చూస్తే, దాన్ని పిలుస్తున్నది లాగ్ రాసే కోడ్. ఆ లాగ్ అప్పటికి ఆపేసి ఉంది. అయినా రాయాల్సిన వాక్యాన్ని ముందు పూర్తిగా తయారుచేసి, ఆ తర్వాత ‘లాగ్ ఆపేసి ఉంది కదా’ అని పారేస్తోంది. పరీక్షను ఒక అడుగు ముందుకు జరిపితే సరిపోయింది. మార్చినవి ఆరు లైన్లు. ఆ మూడు వారాలు మీకు పోకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఎవరు పిలిచారన్న ప్రశ్న కొత్తది కాదు. యునిక్స్‌లో తొలినాళ్ల ప్రొఫైలర్లు ఏ ఫంక్షన్‌లో ఎంత సమయం పోయిందో చెప్పేవి కాని, దాన్ని ఎవరు పిలిచారో చెప్పేవి కావు. ప్రోగ్రామ్‌లను చిన్న చిన్న ఫంక్షన్లుగా విడగొట్టి రాయడం పెరిగేకొద్దీ ఆ లెక్క పనికిరాకుండా పోయింది. 1982లో బర్క్‌లీ నుంచి సుసాన్ గ్రాహం, పీటర్ కెస్లర్, మార్షల్ కిర్క్ మెకూసిక్ జీప్రాఫ్‌ను ప్రకటించారు. ఎవరు ఎవరిని ఎన్నిసార్లు పిలిచారో అది లెక్కపెట్టి, పిలవబడిన ఫంక్షన్ సమయాన్ని పిలిచినవారికి పంచింది. గొప్ప ముందడుగే, కాని పంపకంలో ఒక ఊహ దాగి ఉంది: ప్రతి పిలుపుకూ ఒకే సమయం పడుతుందని. మీ సర్వీసులో ఒక ఫంక్షన్ 20 బైట్ల పేరును 99 సార్లు కాపీ చేయించి, ఇంకొకటి 10 మెగాబైట్ల జాబితాను ఒక్కసారి కాపీ చేయించిందనుకోండి. జీప్రాఫ్ లెక్కలో 99 వంతులు మొదటి ఫంక్షన్ మీదే పడతాయి. అసలు భారం రెండోదానిది. అందుకే పిలుపుల లెక్కతో ఆగకుండా, నమూనా తీసిన (ప్రాసెసర్ ఏ పనిలో ఉందో తొంగిచూసిన) ప్రతిసారీ ఆ క్షణాన ఉన్న కాల్ స్టాక్ మొత్తాన్ని పట్టుకోవాలి. సమయం ఎక్కువ తినే దారే ఎక్కువ నమూనాల్లో పట్టుబడుతుంది. అక్కడ ఊహతో పని లేదు.

ఇక ఆ స్టాక్ మీ దగ్గర ఎందుకు తెగుతోందో చూద్దాం.

పొలం కొన్నవారికి లింకు డాక్యుమెంట్లు అంటే ఏమిటో తెలుసు. ఇవాళ్టి దస్తావేజులో దానికి ముందరి దస్తావేజు నంబరు ఉంటుంది, అందులో ఇంకా ముందరిది. అలా పట్టుకుంటూ పోతే మొదటి హక్కుదారు దాకా వెళ్తాం. ఫ్రేమ్ పాయింటర్ల గొలుసు సరిగ్గా ఇదే. 64 బిట్ల ఇంటెల్ తరహా ప్రాసెసర్‌లో ఫంక్షన్ మొదలవగానే, తనను పిలిచినదాని ఆర్‌బీపీ రిజిస్టర్ (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గది) విలువను స్టాక్ మీద దాచి, ఆర్‌బీపీని తన చోటికి తిప్పుకుంటుంది. అప్పటి నుంచి ఆర్‌బీపీ చూపే చోట పాత ఆర్‌బీపీ, దానికి 8 బైట్ల పైన తిరిగి వెళ్లాల్సిన చిరునామా ఉంటాయి. ప్రొఫైలర్ చేయాల్సిన పని ఆ రెండూ చదివి, పాత ఆర్‌బీపీ చూపిన చోటికి వెళ్లి, మళ్లీ రెండూ చదవడం. 30 మెట్ల స్టాక్ అయినా ఒక్కో చిరునామాకు 8 బైట్ల చొప్పున 240 బైట్లలో ముగుస్తుంది. కెర్నల్ (లైనక్స్ మూల భాగం) ఆ పనిని అక్కడికక్కడే, అతి తక్కువ సమయంలో చేసేస్తుంది.

మీరు ఓ2 ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేస్తున్నారని అనుకుంటున్నాను. ఆ స్థాయిలో జీసీసీ కంపైలర్ ఈ గొలుసు కట్టదు. ఆర్‌బీపీని మామూలు లెక్కలకు వాడేసుకుంటుంది. ఇక ప్రొఫైలర్ అందులో ఉన్న ఏదో ఒక అంకెను చిరునామా అనుకుని వెళ్తుంది. అక్కడ ఏమీ దొరకదు. మీ గ్రాఫ్‌లోని ‘అన్‌నోన్’లలో చాలా వరకు ఇలా పుట్టినవే అయి ఉండాలి.

‘అన్‌నోన్’ కనీసం తెగిందని చెప్పి తెగుతుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది నిశ్శబ్దంగా తప్పు చెప్పే స్టాక్. మీ విషయంలోనే చూడండి. ఆర్డర్ నడిపే ఫంక్షన్ ఒకటి, జవాబు తయారుచేసే ఫంక్షన్‌ను పిలిచింది. అది మెమ్‌కాపీని పిలిచింది. మీ రెండు ఫంక్షన్లకూ ఫ్రేమ్ పాయింటర్లు ఉన్నాయనే అనుకుందాం. మెమ్‌కాపీ మాత్రం చేత్తో రాసిన అసెంబ్లీ, అది ఆర్‌బీపీని ముట్టుకోదు. నమూనా తీసే క్షణానికి ప్రాసెసర్ మెమ్‌కాపీలో ఉంది, ఆర్‌బీపీ ఇంకా జవాబు తయారుచేసే ఫంక్షన్ ఫ్రేమ్‌నే చూపుతోంది. దానికి 8 బైట్ల పైన ఉన్నది ఆ ఫంక్షన్ తిరిగి వెళ్లాల్సిన చిరునామా, అంటే ఆర్డర్ నడిపే ఫంక్షన్‌లోది. ప్రొఫైలర్ రాసుకునేది ఇది: ఆర్డర్ నడిపే ఫంక్షన్ నేరుగా మెమ్‌కాపీని పిలిచింది. మధ్యలో ఉన్న అసలు ఫంక్షన్ మాయం. గ్రాఫ్ చక్కగా, పొందికగా కనిపిస్తుంది. మీరు ఆర్డర్ నడిపే ఫంక్షన్ తెరిచి, ఇందులో కాపీయే లేదే అని రెండు రోజులు తల పట్టుకుంటారు. కాబట్టి మెమ్‌కాపీ లాంటివాటి కింద కనిపించే మొదటి పేరును ఎప్పుడూ గుడ్డిగా నమ్మవద్దు. ఆ పేరుకూ మెమ్‌కాపీకీ మధ్య ఒక మెట్టు జారిపోయి ఉండవచ్చని గుర్తుంచుకుని కోడ్ చదవండి.

మీ లీడ్ భయం గురించి. అది ఊరికే పుట్టింది కాదు. 32 బిట్ల రోజుల్లో ఇంటెల్ తరహా ప్రాసెసర్‌లో సాధారణ రిజిస్టర్లు 8 మాత్రమే. అందులో ఒకటి ఫ్రేమ్ పాయింటర్‌కు ఇచ్చేయడం నిజంగా బరువే. 64 బిట్లకు వచ్చాక అవి 16 అయ్యాయి. బరువు తగ్గినా అలవాటు మిగిలిపోయింది. ఫెడోరా లైనక్స్ వారు తమ ప్యాకేజీలన్నిటినీ ఫ్రేమ్ పాయింటర్లతో కట్టాలా వద్దా అని చాలా కాలం వాదించుకున్నారు. మొదట తిరస్కరించి, 2023 జనవరిలో మళ్లీ చర్చించి ఒప్పుకున్నారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన ఫెడోరా 38 అలాగే వచ్చింది. వారి పరీక్షల్లో జీసీసీతో కెర్నల్ కంపైల్ చేయడం 2.4 శాతం, బ్లెండర్ 2 శాతం నెమ్మదించాయి. పైథాన్ కొన్ని పరీక్షల్లో 10 శాతం దాకా దెబ్బతింది. అంటే ఖర్చు సున్నా కాదు, ప్రోగ్రామ్‌ను బట్టి మారుతుంది. 2024 ఏప్రిల్‌లో ఉబుంటు 24.04 కూడా 64 బిట్ల ప్యాకేజీలకు ఇదే దారి పట్టింది.

లీడ్‌గారితో ఈ అంకెలతో వాదించకండి, మీ సర్వీసు అంకెలతో మాట్లాడండి. ఒకే ఒక్క సర్వర్ మీద కొత్త బిల్డ్ పెట్టనివ్వమని అడగండి. రెండు ఐచ్ఛికాలు కావాలి: ‘నో ఒమిట్ ఫ్రేమ్ పాయింటర్’, దానితోపాటు ‘నో ఒమిట్ లీఫ్ ఫ్రేమ్ పాయింటర్’. రెండోది ఎవరినీ పిలవని చివరి ఫంక్షన్ల కోసం. మీరు లోపల కలిపి కట్టే లైబ్రరీలను కూడా వాటితోనే కట్టండి, లేకపోతే గొలుసు అక్కడ తెగుతుంది. అదే రద్దీలో పాత బిల్డ్ ఉన్న పక్క సర్వర్‌తో పోల్చండి. ఒక సాయంత్రం చాలు, మీ ఇంట్లో దాని ఖరీదు ఎంతో తెలిసిపోతుంది. 38 శాతాన్ని వెతకడానికి రెండు శాతం ఇవ్వడం నా దృష్టిలో మంచి బేరమే. కాని నిర్ణయం వారిది, వారికి లెక్క చూపించడం మీ పని.

వారు దానికీ ఒప్పుకోకపోతే డ్వార్ఫ్ దారి ఉండనే ఉంది. అది మీ డిస్కును ఎందుకు ముంచిందో చెబుతాను. డ్వార్ఫ్ పద్ధతిలో గొలుసు అక్కర్లేదు. ఏ చోట ఆగితే స్టాక్‌లో తిరుగు చిరునామా ఎక్కడ ఉంటుందో చెప్పే పట్టికలను కంపైలర్ ఫైల్‌లోనే రాసి పెడుతుంది. సీ ప్లస్ ప్లస్ ఎక్సెప్షన్లు నడిచేదీ వాటి ఆధారంగానే, అందుకే స్ట్రిప్ చేసిన (పేర్లు, డీబగ్ సమాచారం తీసేసిన) ఫైల్‌లో కూడా అవి మిగులుతాయి. అయితే ఆ పట్టికలను కెర్నల్ అక్కడికక్కడ చదవలేదు. అందుకని పెర్ఫ్ ప్రతి నమూనాకూ రిజిస్టర్లతోపాటు 8192 బైట్ల స్టాక్‌ను యథాతథంగా ఫైల్‌లో కుమ్మరించి, విప్పే పని తర్వాతకు వదిలేస్తుంది. మీరు నమూనాల వేగం చెప్పకపోయి ఉంటే పెర్ఫ్ సెకనుకు 4000 తీయబోతుంది. ఒక్కో కోర్‌కు సెకనుకు 32 మెగాబైట్లు. 16 కోర్లకు 500 మెగాబైట్ల పైమాటే. డిస్కు నిండక ఏమి చేస్తుంది?

వేగాన్ని 99కి దించండి. 16 కోర్లకూ కలిపి సెకనుకు 13 మెగాబైట్లు, నిమిషానికి 780 మెగాబైట్లు అవుతుంది. భరించవచ్చు. 100 ఎందుకు వద్దంటే, మీ సర్వీసులో సెకనుకు 100 సార్లో, 10 సార్లో నడిచే టైమర్ పని ఏదైనా ఉంటే నమూనాలు దానితో అడుగులు కలుపుతాయి. ప్రతిసారీ దాన్నే పట్టుకుంటాయి, లేదా ఒక్కసారీ పట్టుకోవు. 99 ఆ లయను తప్పిస్తుంది. ఇంకొక జాగ్రత్త: మీ ఫంక్షన్లలో ఎవరైనా పెద్ద బఫర్‌ను స్టాక్ మీద పెట్టుకుంటే 8192 బైట్లు అక్కడే ఖర్చయిపోయి, కింది మెట్లన్నీ అందకుండా పోతాయి. ఆ పరిమితిని 65528 దాకా పెంచుకోవచ్చు, ఫైల్ కూడా ఆ మేరకు పెరుగుతుంది. ఇంటెల్ హాస్వెల్ నుంచి ప్రాసెసర్‌లోనే పిలుపులను గుర్తుపెట్టుకునే ఎల్‌బీఆర్ అనే సదుపాయం ఉంది. హాస్వెల్‌లో 16, స్కైలేక్‌లో 32 మెట్లే పడతాయి. చాలా క్లౌడ్ యంత్రాల్లో అది అందుబాటులో ఉండదు కూడా. మీకు దాని మీద ఆశ పెట్టుకోమని చెప్పను.

ఏ పద్ధతిలో పట్టుకున్నా, గ్రాఫ్ గీయకముందే ఒక తనిఖీ చేయండి. దీన్ని నేను ఎప్పుడూ వదలను. తెగని స్టాక్ ఏదైనా అడుగున మెయిన్ దగ్గరో, థ్రెడ్ మొదలయ్యే ఫంక్షన్ దగ్గరో ఆగాలి. పెర్ఫ్ స్క్రిప్ట్ తీసిన పాఠంలో అలా ఆగని స్టాక్‌లు ఎన్నో లెక్కపెట్టండి. నూటికి అయిదు దాటితే ఆ ప్రొఫైల్‌ను పక్కన పెట్టి, ముందు తెగిన చోట్లు సరిచేస్తాను. ఎందుకంటే తెగినవి నలుమూలలా సమానంగా తెగవు. ఫలానా లైబ్రరీ గుండా వెళ్లిన దారులన్నీ ఒక్కసారిగా తెగుతాయి, గ్రాఫ్‌లో ఆ దారి అసలు లేనట్టే ఉంటుంది. పాత లైనక్స్ పంపిణీల జీలిబ్‌సీలో, జాబితాను వరుసలో పేర్చే క్యూసార్ట్ ఫంక్షన్ దీనికి మంచి ఉదాహరణ. అది ఆర్‌బీపీని సొంతానికి వాడుకుంటూ మీ పోలిక ఫంక్షన్‌ను పిలిస్తే, మీ ఫంక్షన్ బుద్ధిగా ఆ పనికిరాని విలువనే ‘పాత ఆర్‌బీపీ’ అని దాచిపెడుతుంది. అక్కడి నుంచి కిందికి ఏమీ కనబడదు.

‘అన్‌నోన్’లు అన్నీ స్టాక్ తెగి వచ్చినవే కావు. మెట్లు సరిగ్గా ఉండి పేర్లు మాత్రమే లేకపోతే, అది సింబల్ పట్టిక (చిరునామాలకు ఫంక్షన్ పేర్లు చెప్పేది) లోపం. స్ట్రిప్ చేసిన ఫైల్ అయితే డీబగ్ సమాచారం వేరే ఉంచుకోండి. సర్వీసు కంటెయినర్‌లో ఉండి మీరు బయటి నుంచి పెర్ఫ్ నడిపితే దానికి ఫైల్ దారి దొరకకపోవచ్చు. స్టాక్ లోతు 127 మెట్లు దాటితే కెర్నల్ అక్కడ ఆపేస్తుంది. పై నుంచి లెక్కిస్తుంది కాబట్టి పోయేది మెయిన్ వైపు భాగం. ‘పెర్ఫ్ ఈవెంట్ మ్యాక్స్ స్టాక్’ అన్న కెర్నల్ అమరికను పెంచితే సరి. ఇన్‌లైన్ అయిన, అంటే పిలిచినదాని కోడ్‌లోనే కలిసిపోయిన ఫంక్షన్లకు సొంత ఫ్రేమే ఉండదు, డీబగ్ సమాచారం ఉంటేనే వాటి పేర్లు బయటికి వస్తాయి. ఆఖరి పనిగా ఇంకో ఫంక్షన్‌ను పిలిచి, వెనక్కి రాకుండా అటే దూకేసేవి కూడా స్టాక్‌లో కనిపించవు. అది ప్రొఫైలర్ తప్పు కాదు, ఆ క్షణానికి వాటి ఫ్రేమ్ నిజంగానే లేదు.

స్టాక్‌లు అతికాక చదవడం తేలిక. ఫ్లేమ్ గ్రాఫ్‌ను 2011లో బ్రెండన్ గ్రెగ్ ఒక మైఎస్‌క్యూఎల్ సమస్య వెతుకుతూ తయారుచేశారు. అందులో ఎడమ నుంచి కుడికి కాలం నడవదు, పేర్లు అక్షర క్రమంలో ఉంటాయంతే. చూడాల్సింది వెడల్పు. మీ ప్రశ్నకు మాత్రం మామూలు గ్రాఫ్ కన్నా తలకిందుల గ్రాఫ్ నయం. మెమ్‌కాపీని మొదలుగా పెట్టి, దాన్ని పిలిచినవారు, వారిని పిలిచినవారు విడివిడిగా చీలుతూ పోతారు. మామూలు గ్రాఫ్‌లో నలభై చోట్ల సన్నగా చెదిరిపోయిన మెమ్‌కాపీ అక్కడ ఒక్కచోట చేరి, 38లో ఎవరి వాటా ఎంతో చూపిస్తుంది. పెర్ఫ్ రిపోర్ట్‌లో అయితే ‘నో చిల్డ్రన్’ ఐచ్ఛికం పెట్టి మెమ్‌కాపీ వరుసను విప్పండి.

అక్కడ ఏమి దొరుకుతుందో ఇక్కడ కూర్చుని చెప్పలేను కాని, సీ ప్లస్ ప్లస్‌లో నాకు ఎక్కువసార్లు దొరికినవి రెండున్నాయి. ఆర్డర్ల జాబితా మీద తిరిగే లూప్‌లో ఒక్క ‘అండ్’ గుర్తు మరిచిపోవడం. అది లేకపోతే ప్రతి చుట్టులోనూ ఒక ఆర్డర్, దాని లోపలి పేర్లు, చిరునామాలతో సహా కొత్తగా కాపీ అవుతుంది. కోడ్ చదివేవారి కంటికి ఆ గుర్తు లేదన్నది ఆనదు. రెండోది, ఎంత పెరుగుతుందో ముందే తెలిసిన వెక్టర్‌కు చోటు రిజర్వ్ చేయకపోవడం. నిండినప్పుడల్లా అది ఇంకా పెద్ద చోటు తీసుకుని పాతదంతా మోసుకెళ్తుంది. రెండూ స్టాక్ పూర్తిగా కనబడితే అయిదు నిమిషాల్లో తేలేవే.

గడువు విషయానికి వస్తే, మొదటి రెండు రోజులు బిల్డ్‌కు కేటాయించండి. మూడో రోజు సాయంత్రం రద్దీలో 99 వేగంతో 60 సెకన్లు పట్టుకోండి. 16 కోర్లూ పనిలో ఉంటే దాదాపు 95 వేల నమూనాలు వస్తాయి, మీ ప్రశ్నకు అవి ధారాళంగా సరిపోతాయి. మర్నాడు తెగిన స్టాక్‌ల తనిఖీ, తలకిందుల గ్రాఫ్. ఆ బొమ్మను లీడ్‌గారికి మీరే దగ్గర కూర్చుని చూపించండి, మెయిల్‌లో పంపి ఊరుకోవద్దు. ఒకవేళ ఆ కాపీ అంతా ఒకే చోటి నుంచి వస్తోందని, అది తప్పించలేనిదేనని తేలిందనుకోండి. అప్పుడు ఆయన చెప్పిన లైబ్రరీని నిజాయితీగా పరీక్షించండి. దానికి ఆఖరి నాలుగు రోజులు చాలు.